మా మేనల్లుడు ఫాదర్ అయ్యాడు

ఒరేయ్ శీనూ,

"డిగ్రీ చదివినోడు నౌకరీ చూసుకోక, పెళ్లి చేసుకోక పూజారి అవుడేందిరా?" అని మొన్న ఫోన్‌లో అన్నావు చూడు, పక్కనే అక్క ఉంది. అందుకే అప్పుడు ఏం మాట్లాడలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, చదువు.

పెళ్లి సంగతి ముందే తేలిపోయింది. డీకన్ అయిన రోజే, అంటే ఫాదర్ కావడానికి ముందు మెట్టు ఎక్కిన రోజే, బ్రహ్మచర్యానికి మాటిచ్చేశాడు, అక్క ఏడవాల్సిందంతా అప్పుడే ఏడ్చేసింది. ఫాదర్లను తయారుచేసే రామంతాపూర్ సెమినరీలో చదువు పూర్తయ్యాక ఇప్పుడు కాజీపేట ఫాతిమా కెథడ్రల్‌లో గురుపట్టాభిషేకం, అంటే వాణ్ణి ఫాదర్‌ని చేసే వేడుక. నువ్వు రావాల్సింది రా.

పునీతుల పేర్లు వరసగా పిలుస్తూ "మా కొరకు ప్రార్థించండి" అని జనమంతా పాడుతుంటే, వీడు తెల్లబట్టల్లో పీఠం ముందు బోర్లా పడుకున్నాడు. పాదాలు మావైపే ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. ఎందుకోగానీ నాకు అవే కనిపించాయి, ఇంకేమీ కనిపించలేదు. తర్వాత మేత్రాణులు, అదే బిషప్ గారు, ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ వాడి తలమీద పెట్టారు. ఆ వెనక ఫాదర్లందరూ ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. జంక్షన్‌లో రైలు కూత మాత్రం వినిపించింది.

క్రీస్తు శిష్యులైన అపొస్తలుల నుంచి ఇలా చేతుల మీదుగానే వస్తోందట ఈ గురుత్వం, అంటే ఫాదర్ పని. 1952లో వరంగల్ మేత్రాసనం (బిషప్ గారి ఏలుబడిలోని ప్రాంతం) ఏర్పడినప్పుడు మొదటి మేత్రాణులు ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా గారు. ఇప్పుడేమో మా అక్క కొడుకు తలమీద చేతులు పెట్టడానికి ఇన్ని తెలుగు చేతులు!

అసలు సంగతి ఇంకోటుంది. పూజలో రొట్టె పట్టుకుని ఫాదర్ "ఇది క్రీస్తు శరీరం" అనడు, "ఇది నా శరీరము" అంటాడు. మన పాపాలు ఫాదర్‌తో చెప్పుకునే పాపసంకీర్తనంలోనూ అంతే, "దేవుడు మన్నిస్తాడులే" అనడు, "నేను నీ పాపములను మన్నించుచున్నాను" అంటాడు. ఆ 'నేను' వాడు కాదు. నోరు వాడిది, మాట క్రీస్తుది. చిన్నప్పటి నుంచి వింటున్నా, ఆ రోజు మావాడి నోట విన్నప్పుడుగానీ నాకది తట్టలేదు. 'నేను' అంటూనే తాను పక్కకు జరగాలి. బతుకంతా అలా జరుగుతూ ఉండటం మాటలా?

అందరికీ చేతనవుతుందనీ అనను. మా నాన్న సంగతి నీకు చెప్పానో లేదో. చందా బాకీ పడ్డాడని ఒక ఫాదర్ గుడి ముందు పదిమందిలో ఆయన్ని కడిగేశాడు. నాన్న రెండేళ్లు గుడి గడప తొక్కలేదు. చివరి రాత్రి, వానలో స్కూటర్ మీద వచ్చింది ఆ ఫాదరే. మారిపోయి వచ్చాడనుకునేవు! గుమ్మంలోనే రోడ్డును తిట్టాడు, కరెంటు లేదని మమ్మల్ని కసిరాడు. నేను టార్చ్ పట్టుకుంటే నాన్న నుదుటికీ అరచేతులకూ తైలం పూశాడు. నాన్న కళ్లు మూసుకుని "ఆమెన్" అన్నాడు. ఆ ఫాదర్ మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు, కానీ ఆ తైలం ఉత్తుత్తిది కాదు. పేతురు జ్ఞానస్నానం ఇచ్చినా, క్రీస్తును పట్టించిన యూదా ఇచ్చినా, ఇచ్చేది క్రీస్తేనని పునీత అగస్టీను గారు పదహారు వందల ఏళ్ల కిందే, చెడ్డ గురువు ఇచ్చింది చెల్లదనే డొనాటిస్టులతో వాదించారు. అలాగని ఫాదర్లు ఎలాగైనా ఉండొచ్చని కాదులే. మావాడి చేతికి గిన్నె ఇస్తూ మేత్రాణులు చెప్పిందే అది: చేస్తున్నదేంటో తెలుసుకో, జరిపేదాన్ని బతికి చూపించు.

అంతకుముందు వాడి అరచేతులకు క్రిస్మా తైలం పూశారు. ఆలివ్ నూనెలో సుగంధం కలిపి చేస్తారు దాన్ని. ఆ చేతులు తుడిచిన గుడ్డను తల్లికివ్వడం కొన్నిచోట్ల ఆనవాయితీ, ఆమె పోయినప్పుడు పెట్టెలో పెడతారు. అక్క దాన్ని మడిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది.

పూజయ్యాక అందరూ వరసగా వెళ్లి వాడి అరచేతులు ముద్దుపెట్టుకున్నారు. లెక్కలు రాక వీడు నా చేత ఎన్నిసార్లు చెవి మెలిపెట్టించుకున్నాడో నీకు తెలుసు కదా. నేనూ వరసలో నిలబడి వంగాను. "మామా, మోకాళ్ల నొప్పులున్నాయి కదా, వంగకు" అన్నాడు మెల్లగా. చేతులు ఇంకా వాసనొస్తున్నాయి.

వాణ్ణి ములుగు వైపు ఒక విచారణలో (ఒక గుడి పరిధిలోని ఊళ్లను అలా అంటాం) అసిస్టెంట్‌గా వేశారు. బతుకమ్మకు వస్తావుగా, ఇద్దరం బండి మీద వెళ్లి చూసొద్దాం. నీ ప్రశ్న వాణ్ణే అడుగు, ఏమీ అనుకోడు.

నీ
రాజు