సముద్రం వైపు దీపం

శ్రీకాకుళం,
మే 6.

కూర్మావతారానికి,

నమస్కారాలు. ఈ పేరుతో పిలిచినందుకు కోపగించుకోకు. మెస్సులో అందరూ చేతులు కడుక్కుని గదులకు చేరిన తరువాత కూడా మజ్జిగ అన్నం ముందు తీరుబడిగా కూర్చుని ఉండేవాడివి కనుక ఈ బిరుదు నీకు శాశ్వతం. ఈ ఉత్తరం చివరిదాకా చదివితే దానిని నీవే గర్వంగా చెప్పుకుంటావేమో కూడా. ఉగాదికి నీవు రాసిన ఉత్తరానికి ఇప్పటిదాకా జవాబు ఇవ్వకపోవడం నా తప్పే. రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటి కాగితం మీద మా అమ్మ వడియాలు పెట్టింది, రెండవది ఏ పుస్తకంలో దాక్కున్నదో తెలియదు.

ఇంటి సంగతులు ఒక్క ముక్కలో ముగిస్తాను: అమ్మ ఎడమకంటి శుక్లం తీయించాము, పెద్దవాడు ఇంటర్ గట్టెక్కాడు, వంటింటి కప్పు యథాప్రకారం కారుతున్నది, నాకు ఈ ఏడు కూడా బదిలీ లేదు. మిగిలినవి తరువాత. పది రోజులుగా ఒక విషయం నా కడుపులో ఉబ్బుకుని ఉన్నది. దానిని మీ చెల్లెమ్మతో కూడా పూర్తిగా చెప్పలేదు.

చైత్రమాసం చివర నాలుగు రోజులు బారువలో ఉండి వచ్చాము. కన్ను బాగుపడిన తరువాత అమ్మ అడిగిన మొదటి కోరిక సముద్రాన్ని చూడాలన్నది. విశాఖలో పెద్ద హోటళ్లలో దిగి, పూటపూటకూ ఆ పట్టికలు చూసి తిండి తెప్పించుకోవడం ఆమెకు గిట్టదు, నా జేబుకూ గిట్టదు. వంటగదితో సహా రోజుల లెక్కన అద్దెకిచ్చే పాతకాలపు లాడ్జి ఒకటి బారువ తీరాన ఉన్నదని ఆఫీసులో ఎవరో చెప్పగా, ఆమదాలవలసలో రైలెక్కి, సోంపేటలో దిగి, బియ్యం మూటతో, పచ్చడి జాడీతో, ఆటోలో వెళ్లాము. రోజుకు 900 రూపాయలు. నాలుగు రోజులకు అయిన 3,600 విశాఖలో ఒక రాత్రికి సరిపోదని మీ చెల్లెమ్మ వచ్చేటప్పుడు లెక్క చెప్పింది.

ఆ ఇల్లు చూస్తే నీవు విజయనగరంలో మనం అద్దెకున్న మేడను తలుచుకుంటావు. మొత్తం ఆరు వాటాలు. ఒక్కొక్క వాటాకు ముందు గది, నాపరాతి గట్టుతో వంటగది, రాగి బాయిలరు ఉన్న స్నానాల గది, సముద్రం వైపు ఒక వరండా. నేల పాతకాలపు ఎర్రగచ్చు. మధ్యాహ్నం వేళ దానిమీద చాప కూడా లేకుండా పడుకుంటే వీపు చల్లగా ఉండేది. నవారు మంచాలు కూర్చున్నప్పుడల్లా కిర్రుమనేవి. తాళంచెవికి ఒక కర్రముక్క కట్టి ఉన్నది. దానిని జేబులో పెట్టుకుంటే ఎటువంటి మనిషైనా ఒకవైపు ఒరిగి నడవవలసిందే. తెల్లవారి తెప్పలు ఒడ్డుకు రాగానే అమ్మ స్వయంగా వెళ్లి, బేరమాడి, కవళ్లు కొనుక్కు వచ్చి పులుసు పెట్టేది. కొత్త కంటితో చేపల మొప్పలు పరీక్షించడంలో ఆమెకు కలిగిన ఆనందం సముద్రాన్ని చూడడంలో కలిగిందో లేదో నాకు అనుమానమే.

లోపం ఒక్కటే కనబడింది. వరండా గోడకు వేలాడుతున్న రేకు పలక మీద, సగం చెదిరిన అక్షరాలతో, ‘రాత్రి 8 గంటల తరువాత సముద్రం వైపు దీపములు వేయరాదు’ అని ఉన్నది. కారణం రాయలేదు. యజమాని ఎక్కడో ఊళ్లో ఉంటాడు. ఇక్కడ ఉండేది ఒక ముసలి కాపలాదారు, పిల్లలు తాత అని పిలిచేవారు. కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి ఇటువంటి నియమం పెట్టినారని నేను తేల్చుకున్నాను. నీకు తెలుసు కదా, మెస్సులో రెండవ కప్పు పెరుగు విషయంలో నేను చేసిన సత్యాగ్రహం. ఆ మనిషిని నేనే. అద్దె పూర్తిగా చెల్లించినవాడు చీకట్లో ఎందుకు కూర్చోవాలి? మొదటి రెండు రాత్రులు ఊరుకున్నాను. మూడవ రాత్రి అమావాస్య దగ్గర చీకటి, గదిలో ఉక్క. పదకొండు గంటలకు వరండాలోని ట్యూబులైటు వేసుకుని, పడకకుర్చీలో పత్రిక చదువుతూ, దీపం వెలుగుతుండగానే నిద్రపోయాను.

రెండున్నర ప్రాంతాన ఏదో చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎండుటాకులను గచ్చు మీద ఎవరో నెమ్మదిగా ఈడుస్తున్నట్లు ఉన్నది. పీతలు అనుకున్నాను. కళ్లు నులుముకుని కిందికి చూస్తే ఎర్రగచ్చు నిండా నల్లటి చిన్నచిన్న ప్రాణులు తడి ఇసుక రాలుస్తూ, నేను కూర్చున్న దీపం కిందికి, గోడ వైపుకు, తెరిచి ఉన్న తలుపులోకి పాకుతున్నాయి. ఒక్కొక్కటి పెంకుతో ఉన్న జీడిగింజ కంటే కొంచెం పెద్దది. నా పాదం దగ్గరకు వచ్చిన ఒకదానిని చేతిలోకి తీసుకుంటే అది ఆగలేదు. అరచేతి మీద కూడా తెడ్లు వేస్తున్నట్లు ముందు రెక్కలు ఆడిస్తూనే ఉన్నది. దాని డొక్క నా వేళ్లకు మెత్తగా తగిలింది. తాబేలు పిల్ల!

ఇంతలో లోపలి నుండి అమ్మ కేక: “ఒరేయ్, వంటింట్లో బొద్దింకలు పడ్డాయిరా!” నేను వెళ్లేసరికి ఆమె చీపురు ఎత్తి ఉన్నది. మా అమ్మాయి ఆమె నడుము పట్టుకుని వేలాడకపోతే ఆ రాత్రి ఇంకొక పాపం కూడా మా ఖాతాలో పడేది. బాయిలరు కింద రెండు, బియ్యం మూట వెనుక మూడు.

తాత లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకు వచ్చాడు. “ఏటి బాబూ, దీపం ఎవులేసినారు? ముందు ఆర్పీండి, ఆర్పీండి!” నేను స్విచ్చి నొక్కే లోపల ఆయనే నొక్కేశాడు. అప్పుడు ఆ చీకట్లో ఆ పాకే చప్పుడు ఒక్కటే వినబడింది. అది ఎలా ఉన్నదో చెప్పడం నాకు చేతకాదు. తరువాత ఆయన ఎర్రగుడ్డ చుట్టిన టార్చి తెచ్చాడు. ఎర్రటి వెలుగు వాటిని అంతగా లాగదట. అందరమూ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కదానినే ఏరి, తడి ఇసుక పోసిన బకెట్లో పెట్టాము. నీళ్లు పోయబోయిన మా వాడిని తాత కసిరాడు.

పనిచేస్తూనే ఆయన చెప్పిన సంగతులు ఇవి. రాత్రి ఇసుక చల్లబడ్డాక పిల్లలు గూడు నుండి పైకి వస్తాయి. చీకటి రాత్రి కూడా నేల కంటే సముద్రం పైన ఆకాశం కొద్దిగా తెల్లగా ఉంటుంది, ఆ తెలుపును పట్టుకునే అవి నీటికి చేరతాయి. దానికంటే వెలుగైనది వెనుక కనబడితే అదే సముద్రం అనుకుంటాయి. నాలోని పెరుగు సత్యాగ్రహి అప్పటికీ చావలేదు కాబోలు, “మరి లైట్‌హౌస్ దీపం మాటేమిటి?” అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, “అది ఆకాసంలో తిరుగుతాది బాబూ, ఓడలకి. మీ దీపం నేలమీద నిలబడి రమ్మంటాది” అన్నాడు. ఆ తరువాత నేను మాట్లాడలేదు.

71 దొరికాయి. బకెట్టు మోసుకుని వెళ్లి, అలలకు పది అడుగుల ఇవతల ఇసుక మీద వదిలాము. నీళ్లలో వేయకూడదట, తమంతట తాము నడవాలి. మొదట కొన్ని అక్కడక్కడే తిరిగాయి. తరువాత ఒకటి తల తిప్పింది, దాని వెనుక మరికొన్ని. అల వచ్చి తాకగానే అంతవరకూ తడబడుతున్నది కాస్తా ఒక్క ఊపున మాయమయ్యేది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, శ్రీకూర్మం స్వామికి దండం పెట్టుకుంటూనే ఉన్నది. ఆమె కొత్త కన్ను చూసిన గొప్ప దృశ్యం అదే అయి ఉంటుంది.

ఇంతవరకే అయితే ఇది మంచి కథ. నేను నీకు ఈపాటికే ఫోనులో చెప్పి, నవ్వించి, ఊరుకుని ఉండేవాడిని. తెల్లవారింది. వెలుతురులో ఇసుక మీద గీతలన్నీ కనబడ్డాయి. బండి చక్రాల జాడల్లాంటి సన్నటి గీతలు సముద్రానికి వీపు తిప్పి మా వరండా వైపు వచ్చాయి. కొన్ని గీతలు దారిలో పీతల బొరియల దగ్గర ఆగిపోయాయి. కొన్నిటి మీద కుక్కల అడుగులు ఉన్నాయి. ఆ గీతల వెంట నడుస్తూ నేను ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానివేశాను.

ఎనిమిది గంటలకు అటవీశాఖ కుర్రవాడు ఒకడు వచ్చాడు. వాళ్లు రాత్రుళ్లు తీరమంతా తిరిగి, తల్లులు పెట్టిన గుడ్లను, వాటిని కాపాడి పొదిగించే హేచరీకి తరలిస్తారట. ఈ గూడు వాళ్ల కంట పడలేదు. ఎగువన ఒడిశాలో రుషికుల్య దగ్గర లక్షలుగా వచ్చే ఈ ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు మన తీరానికి మాత్రం ఒకటీ రెండుగా వచ్చి, ఒక్కొక్కటి వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి పోతాయి. 45 నుండి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి ఎక్కువట, చల్లగా ఉంటే మగవి. అతను ఇదంతా ఉత్సాహంగా చెబుతూ గూడు తవ్వి, ఖాళీ పెంకులు వరుసగా పేర్చి లెక్కపెట్టాడు. 94. తక్కినవాటిలో కొన్ని నేరుగా సముద్రానికే వెళ్లి ఉండవచ్చునని కూడా అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాదు, నా సంగతి అతనికి తెలియదు కదా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఏ షెడ్యూలులో ఉన్నదో ఇదీ అందులోనే ఉన్నదని చెప్పి, “దీపం ఎవరు వేశారు?” అని అడిగాడు.

నేను అక్కడే, రెండు అడుగుల దూరంలో, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. నోరు తెరిచే లోపల తాత, “రాత్రి కరెంటు పోయొచ్చింది బాబూ. స్విచ్చి ఏసుండిపోనాది, నాను సూసుకోనేదు” అన్నాడు. ఆ కుర్రవాడు ఆయనను, తాత వయసున్న మనిషిని, నాలుగు మాటలు అన్నాడు. ఆయన తల ఊపుతూ విన్నాడు. నేను టీ తాగాను.

ఎందుకు మాట్లాడలేదో నాకు ఇప్పటికీ... భయమని చెప్పలేను. నా పిల్లలు చూస్తున్నారన్న సిగ్గేమో. తరువాత ఆయన దగ్గరకు వెళ్లి, ఎందుకలా చెప్పారని అడిగితే, “మీరు బస దిగినోలు, రేపు ఎల్లిపోతారు. నాకైతే అలవాటే” అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. సోంపేటలో ఒక డబ్బా రంగు, ఒక కుంచె కొనిపెట్టమన్నాడు, పలక మీది అక్షరాలు చెదిరిపోయినాయని. కొనుక్కు వచ్చి నేనే రాశాను. ఈసారి కారణం కూడా చేర్చాను: ‘దీపము వేసినచో తాబేలు పిల్లలు దారి తప్పును.’ 1994లో కాలేజీ గోడమీద నేను రాసిన ఆ అక్షరం నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడా అదే జరిగింది. ‘తప్పు’ దగ్గరికి వచ్చేసరికి పలక అయిపోయింది. ‘ను’ను కింది అంచున ఇరికించాను. దూరం నుండి చూసేవాళ్లకు ‘దారి తప్పు’ అనే కనబడుతుంది.

పక్కింటి అబ్బాయి సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రి రైలుకు హైదరాబాదు వస్తున్నాడు, ఈ ఉత్తరం, పలాస జీడిపప్పు పొట్లం అతని చేతికే ఇస్తున్నాను. చెల్లెమ్మకు, పిల్లలకు మా ఆశీస్సులు. అసలు చెప్పవలసినది మరిచాను: ఆ ఉదయం చెప్పు తొడుక్కోబోతే వేలి దగ్గర ఏదో కదిలింది. 72వది. రాత్రంతా అందులోనే ఉన్నది. పగటిపూట వదిలితే పక్షులు తన్నుకుపోతాయని తాత చెప్పగా, తడి ఇసుక పోసిన మూకుట్లో నీడన ఉంచాము. మా అమ్మాయి సాయంత్రందాకా దాని పక్క నుండి లేవలేదు. చీకటి పడ్డాక వదిలితే అది ఒక్కటే, ఆగి ఆగి, ఎవరి తొందరా తనకు పట్టనట్టు, నీటికి చేరడానికి పావుగంట తీసుకున్నది. మా అమ్మాయి దానికి నీ పేరు పెట్టింది. అబ్బాయి తొందరపెడుతున్నాడు, ఇక

నీ
పెరుగు సత్యాగ్రహి