తేలని లెక్కలు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి,

మీ సైన్స్ పేజీ బానే ఉంటుంది గానీ అన్నీ తేలిపోయినట్టే రాస్తారేంటండీ. అసలే మా బెజవాడ పిల్లలకి ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు, ఒకటే కరెక్టు, బెంజ్ సర్కిల్లో హోర్డింగుల నిండా ర్యాంకులు.

అణువు మధ్యలోని కేంద్రకంలో ఉండే న్యూట్రాన్ అనే కణం సంగతే చూడండి, కేంద్రకం బయట విడిగా ఉంటే సగటున ఎంతసేపు బతుకుతుందో సీసా లాంటి దాంట్లో బంధించి లెక్కేస్తే 878 సెకన్ల దగ్గర వస్తోంది, బీమ్‌గా (ధారలా) పంపి లెక్కేస్తే 888 దగ్గర, ఆ తేడా ఎందుకో ఏళ్ల తరబడి తేలట్లేదు, పైగా రెండు పద్ధతుల వాళ్లూ తమ లెక్క ఎంత అటూఇటూ అవ్వొచ్చో పక్కనే రాసి మరీ చెప్తున్నారు. అది చేతకానితనమా?

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని వాతావరణ శాఖ వాళ్లంటే మా వీధిలో నవ్వారు (ఆ రెంటి మధ్యా అంత దూరముంటే అదేం చెప్పడం అని), చివరికి ఆ మధ్యలోనే బాపట్ల దగ్గర దాటింది. వారానికో తేలని ప్రశ్న వెయ్యండి, జవాబు మాత్రం తలకిందులుగా కూడా వెయ్యొద్దు.

- ఓ ఇంటర్ పిల్లాడి తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ