ఈ వానాకాలం మా దగ్గర కొన్న కరివేపాకు, నిమ్మ మొక్కలు వెనక్కి తెచ్చేయండి

జూన్ మూడో వారం నుంచి ఆగస్టు చివరిదాకా మా నర్సరీలో కరివేపాకు, నిమ్మ మొక్కలు కొన్నవాళ్లందరికీ ఇది రాస్తున్నాను. ఆ మొక్కల మట్టిలో పురుగుమందు పోశారు. ఆ ఆకులు కూరలో వేయకండి. కుండీతో, మట్టితో సహా తెచ్చివ్వండి, డబ్బు మొత్తం ఇచ్చేస్తాను. బిల్లు లేకపోయినా పర్వాలేదు.

ఏడేళ్లుగా నేను అమ్మేది సీతాకోకచిలుకల కోసం పెంచే మొక్కలని మీకు తెలుసు. ప్రతి ఏడూ మా ఇంటి చెట్ల గింజలతోనే నారు పోసేదాన్ని. నిరుడు వానలకు నారంతా కుళ్లిపోయింది. అందుకని ఈసారి మొదటిసారి ఒక హోల్‌సేల్ నర్సరీ నుంచి మొక్కలు తెప్పించాను. ఏ మందూ వాడలేదు కదా అని రెండుసార్లు అడిగాను. లేదన్నారు.

జూలైలో మీలో ఒకావిడ ఫోటో పంపారు. నిమ్మ చిగుళ్ల మీద సీతాకోకచిలుకలు పదకొండు గుడ్లు పెట్టాయట. పిల్ల పురుగులు బయటికొచ్చిన రెండో రోజుకే నల్లబడి ముడుచుకుపోయాయి. చీమలు చేరి ఉంటాయి, నీళ్లు ఎక్కువయ్యాయేమో చూడండి అని ఆవిడకే చెప్పాను. తప్పు తనదేననుకుని ఆవిడ ఎంత బాధపడ్డారో తర్వాత తెలిసింది. అందరి ముందూ ఆవిడకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అలాంటివే ఇంకో రెండు మెసేజ్‌లు వచ్చాక మా అమ్మ నాటిన నిమ్మచెట్టు మీద నుంచి పన్నెండు పురుగులు తీశాను. ఆరు పురుగులకు ఒక డబ్బాలో అదే చెట్టు ఆకు వేశాను, మిగతా ఆరు పురుగులకు ఇంకో డబ్బాలో ఆ కొత్త మొక్కల ఆకు వేశాను. మొదటి ఆరూ హాయిగా తిని పెరిగాయి. రెండో డబ్బాలో మూడో రోజు పొద్దునకు ఒక్కటే కదులుతోంది. తల్లి సీతాకోకచిలుక ముందుకాళ్లతో ఆకును తట్టి, అది తన పిల్లలు తినే ఆకేనని తేల్చుకున్నాకే గుడ్డు పెడుతుంది. అంత జాగ్రత్త పడే జీవిని మన కుండీల్లోకి పిలిచి మోసం చేసినట్టయింది. పురుగు తింటేనే కదా సీతాకోకచిలుక వచ్చేది! విస్తరి వేసి విషం వడ్డించాం.

ఆ హోల్‌సేల్ నర్సరీకి ఫోన్ చేసి గట్టిగా నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నారు, వేళ్ల దగ్గర ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోశారట. "పురుగు కొట్టిన మొక్క ఎవరు కొంటారమ్మా?" అన్నారు. నేను కొంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు దానికోసమే వస్తారు. ఆ మందు వేరు నుంచి ఎక్కి ఆకంతా, పువ్వులో తేనెదాకా పాకుతుంది, నెలల తరబడి ఉండిపోతుంది. కడిగితే పోయేది కాదు. తేనెటీగలకు ముప్పని 2018లో యూరోపియన్ యూనియన్ ఆరుబయట దీని వాడకం ఆపేసింది. మన దగ్గర ఏ ఎరువుల కొట్టుకెళ్లినా ఇస్తారు.

అప్పటికి ఇంకా 214 మొక్కలు మిగిలున్నాయి. వాటిని ఏం చేయాలో తెలియక పది రోజులు నిద్ర లేదు. కొత్త లోడు పంపిస్తాం, పాతవి తిరిగి తీసుకుంటాం అని సప్లయర్ అన్నారు. తీసుకుని ఏం చేస్తారు, ఇంకొకరికి అమ్ముతారు. మట్టి మార్చి మామూలు కరివేపాకు మొక్కలుగా నలభైకి ఇచ్చేద్దామని తమ్ముడు అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది, ఇంటి అద్దె కట్టాలి కదా. కానీ ఆ రెబ్బ తెంపి ఎవరింట్లోనో పప్పు తాలింపులో వేస్తారు. రోజూ సాయంత్రం వాటి ముందు నిలబడేదాన్ని. మంచి మొక్కలు, ఆకు మీద ఒక్క చిల్లు లేదు. ఆ నిగనిగ చూసే నేను జూన్‌లో మురిసిపోయాను. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ముందు దోమతెర కప్పాను, ఇంకో గుడ్డు పడకుండా. తర్వాత అన్నీ పీకించి, మట్టితో సహా బస్తాల్లో కట్టించాను. కంపోస్టులో కలపలేదు. మీరూ కలపకండి. ముప్పై ఎనిమిది వేలు పోయాయి. సప్లయర్ దగ్గర రూపాయి కూడా అడగలేదు, అడగను.

తెలిసే అమ్మానని ఒకరిద్దరు అన్నారని విన్నాను. ఆ మాట బాగా గుచ్చుకుంది. ఆ రెండు డబ్బాలూ నర్సరీలోనే ఉన్నాయి, వచ్చి చూడొచ్చు.

పెంటాస్, నూరువరహాలు, బంతి నేను పెంచినవే, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. జూలైలో మా కరివేపాకు చెట్టు పళ్లు రాలగానే, గింజ ఎండకముందే నాటాను. ఆ కరివేపాకు నారు ఇప్పుడు వేలెడు ఉంది, వచ్చే వానాకాలానికి గానీ అమ్మను. చిన్నగా ఉంటాయి, ఆకులకు చిల్లులుంటాయి, అరవైకి బదులు తొంభై రూపాయలు అవుతుంది. బయటి మొక్క మాత్రం ఇక గేటు దాటి రాదు.

అప్పటిదాకా మీ గోడ పక్కన తనంతట తాను మొలిచిన జిల్లేడు ఉంటే పీకేయకండి. నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక దానిమీదే గుడ్లు పెడుతుంది. పాలు మాత్రం కళ్లలో పడనివ్వకండి. తంగేడు గింజలు ఊరికే ఇస్తాను, లేతపసుపు రంగు ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు వస్తాయి.

మొక్కలు తెచ్చేవాళ్లు శని, ఆదివారాల్లో పొద్దున ఏడు తర్వాత రండి. తమ్ముడికి వదలకుండా నేనే ఉంటాను.