నిక్కరు లాగడం సరదా ఎలా అవుతుంది?

సంపాదకులకు,

తోటివాడి నిక్కరు లాగేయడం, గౌను పైకెత్తి పరుగెత్తడం, కూర్చోబోతుంటే కుర్చీ తీసేయడం, ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు చక్కిలిగింతలు పెట్టడం. ఏడుస్తూ వచ్చిన బిడ్డతో పెద్దలు అనే మాట దాదాపు ఒక్కటే: "సరదాకి చేశాడులే, వదిలెయ్." తన ఒంటి సంగతి చెప్పుకున్నా ఎవరూ వినరని ఆ బిడ్డకు అప్పుడే తెలిసిపోతుంది. రేపు ఇంతకన్నా పెద్దది జరిగినా నోరు విప్పదు. మా ఆందోళన ముఖ్యంగా దాని గురించే.

ఒంటికి తగిలే దెబ్బలు కూడా చిన్నవేం కావు. కుర్చీ లాగితే వెన్ను చివరి ఎముక విరగొచ్చు, వారాల తరబడి కూర్చోవడమే నరకమవుతుంది. గజ్జల్లో తన్నితే వృషణం మెలిపడి రక్తప్రసరణ ఆగిపోవచ్చు. సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరగకపోతే దాన్ని కాపాడటం కష్టం. సిగ్గుపడి సాయంత్రం దాకా దాచుకున్న కుర్రాడికి ఆ గడువు బడిలోనే దాటిపోతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ గొట్టాన్ని వెనకభాగానికి ఆనించడం మరీ ఘోరం. బట్టల మీద నుంచే పేగులు చిరిగి ప్రాణం పోవచ్చు.

"నవ్వుతూనే ఉన్నాడుగా" అంటారు. చక్కిలిగింతకు వచ్చే నవ్వు ఒళ్లు దానంతటదే చేసే పని, ఒప్పుకున్నట్టు కాదు. మొదటి "వద్దు"కే చేతులు తీసేయాలి. ఇంకా కావాలనిపిస్తే బిడ్డే అడుగుతుంది. ఈ నియమం ముందు ఇంట్లో పెద్దలు పాటించాలి. వద్దని మొహం తిప్పుకున్నా బుగ్గలు గిల్లి ముద్దులు పెట్టేది మనమే కదా.

పట్టించుకోవడమంటే ఏడేళ్లవాడికి నేరస్థుడని ముద్ర వేయడం కాదు. ఒకే ఈడు పిల్లలు, ఒక్కసారి జరిగింది, వద్దనగానే ఆగాడు అంటే గట్టిగా చెప్పి నేర్పితే సరిపోతుంది. వద్దన్నాకా సాగినా, గుంపుగా చేసినా, వయసులో తేడా ఉన్నా, లోదుస్తుల దాకా వెళ్లినా, ఫోన్లో తీసినా అది వేధింపే.

విచారించే తీరులోనే ఎక్కువగా పొరపాటు జరుగుతోంది. తరగతి ముందు నిలబెట్టి "ఏం చేశాడో చెప్పు" అనడం రెండోసారి బట్టలు విప్పడంతో సమానం. ముందు దెబ్బ తగిలిందేమో చూడాలి. తర్వాత విడిగా కూర్చోబెట్టి "ఏం జరిగింది?" అని మాత్రమే అడగాలి. "అక్కడ ముట్టుకున్నాడా?" అని జవాబు మనమే అందించకూడదు. బిడ్డ మాటలను ఉన్నవున్నట్టు తేదీ, సమయంతో రాసుకోవాలి. చేసినవాడినీ, చూసినవాళ్లనూ ఒక్కొక్కరినే పిలవాలి. "ఎందుకు చేశావ్?" అంటే "సరదాకి" అంటాడు. "వాడు వద్దన్నాక ఏం చేశావ్?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. చేతులు కలిపించి, కౌగిలించుకోమని రాజీ చేయొద్దు, అదీ బలవంతపు స్పర్శే. వీడియో ఉంటే ఎవరికీ పంపకుండా, పంపనివ్వకుండా ఫోన్ పక్కన పెట్టించి, ఇరువైపుల తల్లిదండ్రులకూ అదే రోజు చెప్పాలి.

ఇది కొత్తగా పుట్టిన సున్నితత్వమేమీ కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం, పిల్లలను శారీరక, మానసిక హింస అన్ని రూపాల నుంచీ కాపాడాలని చెబుతోంది. చేసింది మరో పిల్లవాడైనంత మాత్రాన ఆ బాధ్యత తప్పదు.

రెండు వారాల తర్వాత మళ్లీ ఆ బిడ్డను గమనించాలి. విరామంలో మరుగుదొడ్డికి వెళ్లడం మానేసినా, ఎండలోనూ నిక్కరు మీద ప్యాంటు వేసుకొస్తున్నా వేధింపు ఇంకా ఆగలేదేమోనని చూడాలి.

– బాలల రక్షణపై పనిచేస్తున్న ఉపాధ్యాయులు