చెయిన్లు బిగించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

రెండు స్కీ రిసార్టుల మధ్య కనుమ దారిలో మంచు తోసే బండి ఆపి మాకు సాయం చేసిన పెద్దాయనా, మీ పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. మా కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి, మంచులో జారకుండా టైర్లకు చుట్టే చెయిన్లు వాటికే వేయాలంటూ, గ్లవ్స్ తీసేసి, గడ్డకట్టిన కొక్కేన్ని ఒట్టి వేళ్లతో లాగి తగిలించారు. కాస్త దూరం మా వెనకే వచ్చి, ఆపించి మళ్లీ బిగించారు. చక్రాలు తిరిగాక చెయిన్లు వదులవుతాయట! డబ్బులివ్వబోతే చేయి అడ్డం పెట్టారు.

దిగుడులో బ్రేకు తొక్కుతూ పోకుండా, చిన్న గేరులో ఇంజనే వేగాన్ని ఆపేలా దిగమన్నారు. వంతెనలకు కింద నుంచీ చలిగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు మీది నీళ్లు ముందు అక్కడే గడ్డకడతాయని, తడిలా కనిపించినా నమ్మొద్దని హెచ్చరించారు. తర్వాతి వంతెన అచ్చం అలాగే నల్లగా మెరుస్తోంది. నిదానంగా దాటేశాం. పిల్లలు హాయిగా నిద్రపోయారు, టెన్షనంతా నాదే. ఇది మీ కంట పడుతుందో లేదో గానీ, చాలా థ్యాంక్సండీ.