నా బేస్ గిటార్‌ని అమ్ముకోకుండా ఆపినవాళ్ళకి

రెండు నెలల క్రితం మీ అందరినీ ఒక ప్రశ్న అడిగాను. "నా బేస్ అమ్మేసి ఇంకా మంచిది తీసుకుందామనుకుంటున్నాను, ఏది కొనమంటారు?" అని. ఏదో ఒక మోడల్ పేరు చెప్పేస్తే మీ పని అయిపోయేది. కానీ మీలో ఒక్కరు కూడా పేరు చెప్పలేదు. "ముందు ఉన్నదానికి ఏమైందో చెప్పు" అన్నారు. ఆ మాటకీ, ఆ తర్వాత నా కోసం మీరు పెట్టిన సమయానికీ కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను గానీ మనసుకి చాల్లేదు.

నాది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల బేస్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నెక్ అనే పొడవాటి చెక్క మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు. మొదటి ఐదు ఫ్రెట్లలో ఎక్కడ నొక్కి మీటినా, ముఖ్యంగా లావుపాటి ఇ స్ట్రింగ్ మీద, జర్రుమని బజ్ వచ్చేది. అది పోవాలని తీగల కింది కొసలుండే బ్రిడ్జ్ దగ్గర, తీగలు ఆనే సాడిల్స్ ఎత్తు పెంచాను. బజ్ కాస్త తగ్గింది, పోలేదు. పైగా 12వ ఫ్రెట్ దాటాక తీగ నొక్కడమే కష్టమైంది, నొక్కితే శ్రుతి పైకి పోయేది. గట్టిగా నొక్కీ నొక్కీ ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది. పది నిమిషాలు వాయిస్తే చెయ్యి దులుపుకోవాల్సి వచ్చేది. వాయిద్యంలోనే లోపముందని ఖాయం చేసుకున్నాను.

ముందుగా, రిపేర్ పని చేసే అన్నయ్యకి. మీరు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇప్పుడున్న తీగల గేజ్ ఎంత?" నాకు తెలియదు. గేజ్ అంటే తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. అమ్మినవాళ్ళని కనుక్కుంటే 40 నుంచి 95 సెట్ అన్నారు, అంతకుముందు 45 నుంచి 105 ఉండేదట. అంతే, మీకు మొత్తం అర్థమైపోయింది. లావు తీగలు నెక్‌ని ముందుకు గట్టిగా లాగుతాయి, లోపలున్న ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఆ లాగుడికి ఎదురు నిలుస్తుంది. తీగలు సన్నబడితే లాగుడు తగ్గింది, రాడ్ బిగింపు మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో నెక్‌కి ఉండాల్సిన కొద్దిపాటి వంపు పోయింది. మొదటి ఫ్రెట్లలో తీగ ఊగడానికి చోటు లేక ఫ్రెట్లకి తగులుతోంది. బజ్, పైకిపోయే శ్రుతి, మణికట్టు నొప్పి మూడు వేర్వేరు జబ్బులు అనుకున్నాను నేను. మూడింటికీ మూలం ఒకటేనని మీరు చూపించారు.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో గంటన్నర నాతో కూర్చున్నారు. తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోమన్నారు. ఇంట్లో వాళ్ళు ఫోన్ 8వ ఫ్రెట్ దగ్గర పెట్టారు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఉందా అని చూస్తే వెలుతురు గీత కూడా లేదు, తీగ ఫ్రెట్‌కి అతుక్కుపోయి ఉంది. నాకు వెంటనే రాడ్ తిప్పేయాలనిపించింది. మీరు వద్దన్నారు. ముందు 45-105 తీగలు వేసి, శ్రుతి చేసి, ఒక రోజంతా వదిలేయమన్నారు. మర్నాడు కొలిస్తే ఏమీ తిప్పకుండానే 0.1 మిల్లీమీటర్ సందు వచ్చింది. అప్పుడు తిప్పించారు. తీగలు కాస్త వదులు చేసి, ఎలెన్ కీతో అపసవ్య దిశలో పావు వంతు కన్నా తక్కువే. మళ్ళీ శ్రుతి, మళ్ళీ కొలత. రెండోసారికి 0.3 దగ్గర ఆగింది. "అది తిరగనంటే నువ్వూ తిప్పకు, బలం పెట్టావంటే రాడ్ తెగుతుంది" అన్న మాట ఇది చదువుతున్న కొత్తవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాతదంతా చకచకా అయిపోయింది. 12వ ఫ్రెట్ దగ్గర దాదాపు 4 మిల్లీమీటర్లున్న తీగల ఎత్తుని ఇ స్ట్రింగ్‌కి 2.5కి, అన్నిటికన్నా సన్నటి జి స్ట్రింగ్‌కి 2కి దించాం. అప్పుడు మాత్రమే ఇంటొనేషన్, అంటే ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతి సరిగా పలికేలా చూడడం. 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు ముట్టుకుని మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కినది పైన ఉంటే సాడిల్‌ని నెక్ నుంచి వెనక్కి జరపాలి, కింద ఉంటే ముందుకి. నెక్ వంపు, తర్వాత తీగల ఎత్తు, చివర ఇంటొనేషన్. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలి. నేను ఎత్తుతో మొదలుపెట్టడం వల్లే అన్ని తిప్పలు పడ్డాను.

ఆ రాత్రి మూడో ఫ్రెట్ మీద జి స్వరం మీటాను. ఏ చప్పుడూ లేకుండా, గుండ్రంగా, చెక్క పొట్టకి తగులుతూ మోగింది. ఆరిపోయేదాకా అలాగే వింటూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఈ నాదం ఈ చెక్కలోనే ఉంది కదా అని కళ్ళు చెమర్చాయి.

ఇక బేస్ నేర్పే అక్కకి. వాయిద్యం సరిచేసుకున్నా చెయ్యి నొప్పి సగమే తగ్గిందని చెబితే, వీడియో తీసి పంపమన్నారు. నా ఎడమచేతి బొటనవేలు నెక్ వెనక పట్టకారులా బిగిసి ఉందని మీరు పట్టుకున్నారు. ఇంకోటి, నేను గిటార్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఫ్రెట్‌కో వేలు చొప్పున పెడుతున్నాను. తీగ మోగే పొడవు 34 అంగుళాలున్న బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి సుమారు 13 సెంటీమీటర్లు. గిటార్ మీద పది కూడా ఉండదు. అంత చాచి ఉంచితే మణికట్టు నొప్పి రాక ఏమవుతుంది? కింది ఫ్రెట్లలో డబుల్ బేస్ వాళ్ళలాగా చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళు మాత్రం వాడి, ఉంగరం వేలిని చిటికెన వేలికి సాయంగా ఉంచమన్నారు. ఫ్రెట్ మీద కాకుండా దాని వెనకే ఆనించి నొక్కితే సగం బలం చాలన్నారు. నిజంగానే చాలింది.

కుడిచెయ్యి గురించి మీరు చెప్పిన పాఠం ఇంకా పెద్దది. బేస్‌లో మీటని తీగలు కూడా మోగుతూనే ఉంటాయి, వాటిని ఆపడం వాయించడంలో సగం పని. సన్నటి తీగల వైపు వెళ్ళేకొద్దీ బొటనవేలు వెంట జరిగి, వదిలేసిన తీగల మీద ఆనాలి. మెట్రోనోమ్‌ని నిమిషానికి 40కి పెట్టి, ఆ టిక్కులే రెండో, నాలుగో దెబ్బలుగా లెక్కపెట్టుకుంటూ రోజూ పావుగంట చేస్తున్నాను. మొదటి వారం లయ చేజారుతూనే ఉంది. ఇప్పుడు నిలబడుతోంది.

తీగల గురించి రాసిన తమ్ముడికి కూడా. పైన గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండా, చదునైన తీగ చుట్టిన ఫ్లాట్‌వౌండా అని నేను మథనపడుతుంటే అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ సంగతి చెప్పావు. ఫ్లాట్‌వౌండ్ తీగలు, మీటడానికి చూపుడువేలు ఒక్కటే. నా చెవికి కాస్త మెరుపు కావాలి కాబట్టి రౌండ్‌వౌండే ఉంచుకున్నాను, కానీ నువ్వు చెప్పాకే రెండూ జాగ్రత్తగా విన్నాను. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడవడం మానలేదు.

కొత్తది కొనే ఆలోచన పూర్తిగా పోలేదు, ఎప్పటికైనా ఐదు తీగలది తీసుకుంటాను. స్టూడియోల్లో వాయించే మాష్టారూ, మీరు చెప్పినవి కాగితం మీద రాసి కేస్‌లో పెట్టుకున్నాను. నెక్‌ని ఒక కొస నుంచి కన్ను పెట్టి చూడాలి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ మీటాలి, జి స్ట్రింగ్ మీద ఐదు నుంచి ఏడు ఫ్రెట్ల మధ్య స్వరం తొందరగా చచ్చిపోతోందేమో చెవి పెట్టాలి. స్ట్రాప్ వేసుకుని చేతులు వదిలేసి, నెక్ కొసన ఉండే తల బరువుకి నెక్ కిందికి వాలుతోందేమో చూడాలి. ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందో లేదో అడగాలి. లోపల శబ్దాన్ని పెంచే ప్రీయాంప్‌కి బ్యాటరీ ఉన్న రకమైతే, వాయించనప్పుడు కేబుల్ పీకేయాలి, లేకపోతే బ్యాటరీ అయిపోతుంది. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ (తీగ పొడవు తక్కువున్న) బేస్‌ని చిన్నచూపు చూడకూడదు, బీటిల్స్ బృందంలో పాల్ మెక్‌కార్ట్నీ వాయించిన హాఫ్నర్ బేస్ కూడా ఆ కొలతదేనని మీరు అన్నారు. పిల్లలకి బేస్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులకి ఆ ఒక్క మాట చాలా పనికొస్తుంది.

మీలో ఎవరూ నా దగ్గర ఏమీ ఆశించలేదు. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగినా విసుక్కోలేదు. అన్నయ్యా, మీకు ఇంకో సంగతి చెప్పాలి. వాతావరణం మారినప్పుడల్లా కొలవమన్నారు కదా, నాలుగు రోజులుగా వాన పట్టింది, ఈ ఉదయం మళ్ళీ కొలిచాను. 8వ ఫ్రెట్ దగ్గర ఇంకా 0.3 దగ్గరే ఉంది. రాడ్ ముట్టుకోలేదు.