పైడమ్మ అరుగు దిగనంటోంది

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం సంక్రాంతి ముందొచ్చింది. నేను జవాబు రాసేసరికి ఊళ్ళో మామిడికాయలు దిగిపోయాయి. కోప్పడకు. మార్చి నెలంతా ఆఫీసులో లెక్కలతోనే సరిపోయింది. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు కాస్త నయం, మేడ మెట్లు కూడా ఎక్కుతోంది. చిన్నదాని పదో తరగతి పరీక్షలయ్యాయి. లెక్కల పేపరు బాగా రాశానంటోంది. మీ అత్తయ్యగారు పెళ్ళిలో కనబడి నిన్ను మరీ మరీ అడిగారు. అంతే. మిగతావన్నీ ఎప్పుడూ ఉండేవే.

అసలు సంగతికొస్తాను. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

పైడమ్మ గుర్తుందా నీకు? ఉండకపోవచ్చు. నేను రాస్తున్న నవల్లో నువ్వు చదివిన మూడు అధ్యాయాల్లో ఆవిడ ఉన్నది అర పేజీ. జూట్ మిల్లు లాకౌట్ పడ్డాక మన హీరో సూర్యం ఇంటికి బాకీ వసూలుకొచ్చే ముసలమ్మ. మిల్లు గేటు దగ్గర కూలీలకి వారం వడ్డీకి తిప్పుతుంటుంది. సూర్యం వాళ్ళకి అప్పుందని పాఠకుడికి తెలియాలి కదా, అందుకని ప్రవేశపెట్టాను. వచ్చి, నాలుగు మాటలని వెళ్ళిపోవాలి. నా నోట్సులో ఆవిడకి పేరు కూడా లేదు, 'వడ్డీ మామ్మ' అని మాత్రం ఉంది.

ఆవిడ వెళ్ళలేదురా! అరుగు మీద కూర్చుంది. కొంగుముడి విప్పి చుట్ట తీసింది, అడ్డపొగ వేసుకుంది, మజ్జిగడిగింది. మజ్జిగ తాగుతూ సూర్యం వాళ్ళమ్మతో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో మొదలుపెట్టింది. నేను రాస్తూ పోయాను. అర పేజీ ఆరు పేజీలైంది. సూర్యం కోర్టు నుంచి రావాల్సిన ఘట్టం వచ్చేసింది, అయినా ఆవిడ లేవదు. సరే, సూర్యం చేత బాకీ తీర్పించేస్తే వెళ్తుంది కదా అనుకున్నాను. లాయరు కదా, ఎవరి దగ్గరో సర్దుకుని డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. 'అసలూ వడ్డీ మొత్తం తీరిపోయింది మామ్మా, ఇంక నువ్వు రానక్కర్లేదు' అన్నాడు. పైడమ్మ నోట్లన్నీ లెక్క చూసుకుని, అందులోంచి ఒక పది కాగితం వెనక్కిచ్చింది. ఎందుకని అడిగితే ఏమందో తెలుసా?

'మొత్తం తీర్సేత్తే ఎలాగ బాబూ? ఇంక నానే వంకెట్టుకుని మీ అరుగెక్కాల?'

ఈ మాట నేను అనుకున్నది కాదు. ఆ వాక్యం కాగితం మీద పడే క్షణం దాకా ఆవిడ ఒంటరిదని నాకు తెలియదు. ఊళ్ళో సగం ఇళ్ళలో పదీ పరకా బాకీ ఎందుకు మిగుల్చుకుంటోందో అప్పుడు తెలిసింది. కలం పక్కన పెట్టేశాను. మా ఆవిడకి చదివి వినిపిస్తే, 'ఏదీ, ఆ మాట మళ్ళీ చదవండి' అంది. అంతవరకూ సూర్యం ఉపన్యాసాలెన్ని వినిపించినా ఆ మాట అనలేదు.

అప్పట్నుంచీ అంతే. ఆఫీసులో ఉన్నా, కూరలకెళ్ళినా పైడమ్మే. సూర్యం ఏం తింటాడని నువ్వు అడిగావు గుర్తుందా? పోయిన ఉత్తరంలో నీ ప్రశ్న అదొక్కటే. చాలా రోజులు ఆలోచించాను, నాకు తట్టలేదు. పైడమ్మ సంగతి అడుగు, చెప్తాను. పొద్దున్న చద్దన్నంలో ఉల్లిపాయ. మధ్యాహ్నం ఎవరింట్లో కాలు పెడితే వాళ్ళింట్లో. రాత్రి ఒక్కతే ఉంటే ఎండు నెత్తళ్ళు కాల్చుకుంటుంది. మొగుడి ఫొటో లేదు, వాడి గొడుగు మాత్రం దూలానికి వేలాడుతుంటుంది. ఇవేవీ నేను కూర్చుని కల్పించలేదు, అడిగితే వచ్చేస్తున్నాయి. ఇంత ఇష్టం సూర్యం మీద ఎందుకు లేదా అని బెంగపట్టుకుంది. నాలుగేళ్ళుగా మోస్తున్నది వాణ్ణి కదా!

ఆ బెంగతోనే మళ్ళీ 'కన్యాశుల్కం' తీశాను. నవ్వకు రామప్పంతులూ! హాస్టల్లో నువ్వు ఆ వేషం, నేను గిరీశం వేషం కట్టినప్పుడు మంచం కింద నువ్వు చేసిన గొడవ నేను మర్చిపోలేదు, ఆ దుప్పటి సంగతి అంతకంటే మర్చిపోలేదు. కానీ ఈసారి నేను చదివింది మనం హాస్టల్లో ఆడినది కాదు. పరిశోధకుడు బంగోరె వెతికి తీసి మళ్ళీ అచ్చు వేయించిన తొలి కూర్పు. మనందరి నోళ్ళలో ఉన్నది 1909లో వచ్చిన రెండో కూర్పు. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయింది వేరే నాటకం. అది అయిదంకాలు, ఇది ఏడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

రాంబాబూ, పాతదాంట్లో మధురవాణికి ఇంత చోటు లేదురా. మన మధురవాణి, ఆ మాటకారితనం, ఆ జాలి, పంతుళ్ళందరినీ కొనవేలి మీద ఆడించి చివరికి సౌజన్యారావు పంతులంతటి వాడిని నిలబెట్టి ప్రశ్నించే ఆ మనిషి అలా ఎదిగింది రెండో కూర్పులోనే. ఈ రెంటికీ మధ్య పన్నెండేళ్ళు. గురజాడ ఆవిణ్ణి ఆ పన్నెండేళ్ళూ మనసులో ఉంచుకున్నాడని నా నమ్మకం. నమ్మకమే, రుజువేమీ చూపించలేను.

ఇప్పుడు ఇంకోటి గమనించు. ఆయన ఆ నాటకం మొదలుపెట్టింది మధురవాణి కోసం కాదు. తొలి కూర్పు ఇంగ్లీషు ముందుమాటలో రాసుకున్నాడు. సంఘ సంస్కరణకు తోడ్పడాలి, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహ పోగొట్టాలి, అని. విజయనగరం ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయించాడట. మూడేళ్ళలో 1034 లెక్క తేలాయి. అందులో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు! అది చదివి నాకు అన్నం సహించలేదు. ఆ లెక్క కళ్ళ ముందు పెట్టుకుని రాసిన నాటకంలో ముఖ్యపాత్ర ఎవరు కావాలి? అమ్ముడుపోతున్న సుబ్బి కావాలి. లేదా సంస్కర్త సౌజన్యారావు పంతులు. సుబ్బి మాట మనకు దాదాపు వినబడదు. సౌజన్యారావు పంతులు మంచివాడు, అంతవరకే. నాటకం ఎవరిదని ఎవర్నడిగినా గిరీశందో మధురవాణిదో అంటారు. పెద్ద పని మీద బయల్దేరిన రచయిత దారిలో కలిసినవాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు, చూశావా? అయినా ఆ పెద్ద పని చెడలేదు. సుబ్బి పెళ్ళి తప్పించడానికి కరటకశాస్త్రి వేసిన ఎత్తు నిలబడింది మధురవాణి సాయంతోనే కదా.

ఆఖరి అంకం నాకు ఇన్నాళ్ళూ కంఠతా వచ్చనుకున్నాను. ఈసారి చదివితే ఒళ్ళు ఝల్లుమంది. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వచ్చి, లుబ్ధావధాన్లు కేసులో నిజం చెప్పి, ప్రతిఫలంగా ముద్దడుగుతుంది. తీరా ఆయన సిద్ధపడితే తనే ఆపేస్తుంది. చెడనివాళ్ళని చెడగొట్టొద్దని వాళ్ళమ్మ చెప్పిందట. ఆ మాటతో సౌజన్యారావు పంతులు కూడా ఒక్క నిమిషం మనిషైపోయాడు! ఆయన ఆ నాటకంలో బతికిన నిమిషం అదొక్కటే అనిపించింది నాకు. ఆయన్ని బతికించింది ఆవిడే. ఇది రాసుకోవాలి... రాసుకున్నాను కూడా, గోడ మీద.

ఇంకో మనిషి కథ చెప్తాను, నీకు నచ్చుతుంది. ఆంథొనీ ట్రాలప్ అని ఇంగ్లీషు నవలాకారుడు. ఆయన నవలల్లో మిసెస్ ప్రౌడీ అని ఒక బిషప్పు గారి పెళ్ళాం ఉంటుంది. మొగుణ్ణి కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. ఒకరోజు లండన్‌లో అథీనియం క్లబ్బులో ట్రాలప్ కూర్చుని ఉంటే, పక్కనే ఇద్దరు పాదిరీలు ఆయన నవలలు చదువుతూ, ఈయన వచ్చిన పాత్రల్నే మళ్ళీ మళ్ళీ తెస్తాడని తిట్టుకుంటున్నారట, ముఖ్యంగా మిసెస్ ప్రౌడీని. ఈయన లేచి వెళ్ళి, నేనే ఆ రచయితని, ఇంటికెళ్ళి వారం తిరగకుండా ఆవిణ్ణి చంపేస్తానన్నాడు. చంపేశాడు కూడా. 1867లో అచ్చు పూర్తయిన, 'బార్సెట్' నవలల వరుసలో చివరిదాంట్లో ఆవిడ పోతుంది. తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు, అప్పుడప్పుడు ఆ పనికి విచారపడ్డానని, ఆవిడ గురించి రాయడం అంత సంతోషంగా ఉండేదని, ఇప్పటికీ ఆవిడ దయ్యంతోనే కాలం గడుపుతున్నానని. ఎవరో ఇద్దరి మాట విని చంపుకున్నాడు, పాపం! ఆ పేజీ చదివాక నేను లేచి వెళ్ళి పైడమ్మ చనిపోయే అధ్యాయం ప్లాను చింపేశాను. ఆవిడ చావదు.

అలాగని ఆవిణ్ణే హీరోయిన్ని చేసేయమంటావేమో. మా పుస్తకాల షాపు మేష్టారు అదే అన్నారు. డికెన్స్‌ని చూడవోయ్ అన్నారు. నిజమే, 1836లో పిక్‌విక్ కథ నెలనెలా భాగాలుగా వస్తుంటే మొదట్లో వందల్లో అమ్ముడైంది. నాలుగో భాగంలో సత్రం పెరట్లో బూట్లు తుడుస్తూ శామ్ వెల్లర్ కనిపించాడు, ఇక చూసుకో, చివరికి 40,000 ప్రతులు. కానీ డికెన్స్ వాణ్ణి పిక్‌విక్ పక్కన నౌకరుగా పెట్టాడే తప్ప పిక్‌విక్‌ని పంపించేయలేదు. శామ్ వచ్చాకే పిక్‌విక్ మీద మనకు ప్రేమ పుడుతుంది. షేక్‌స్పియర్ హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్ సంగతి దీనికి తలకిందులు. రాజుల నాటకంలో పక్కన ఉన్నప్పుడు సింహంలా ఉన్నవాడు, తన కోసమే రాసిన విండ్సర్ నాటకంలోకి వచ్చేసరికి బట్టల బుట్టలో దాక్కునే స్థితికొచ్చాడు. రాణీగారు కోరితే రాశాడని ఒక కథ చెప్తారు, నిజమెంతో ఎవరికెరుక. మన 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్రకు కూడా ఇలాగే అయింది. అది కాళ్ళకూరి నారాయణరావుగారు పెంచింది కాదు, చప్పట్ల కోసం స్టేజీ మీద పెంచుకుంటూ పోయారు. చివరికి 2022లో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వేశ్యావ్యసనం వద్దని రాసిన నాటకం, చూడు ఎక్కడికి చేరిందో. చప్పట్లకి పెంచడం వేరు, ప్రేమకొద్దీ పెంచడం వేరురా. నేను పైడమ్మని ఎందుకు పెంచుతున్నానో ప్రతి పేజీకీ నన్ను నేను అడుగుతున్నాను.

ఇక నిన్న రాత్రి తట్టిన సంగతి. ఇది చెప్పడానికే ఇంత చుట్టూ తిరిగాను.

సూర్యంలో మా నాన్న ఉన్నాడు. నీకు తెలుసు, వేరే చెప్పక్కర్లేదు. మిల్లు మూసిన ఏడాది నాన్న ఎలా నడిచాడో, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా మమ్మల్ని ఎలా లాక్కొచ్చాడో నువ్వు చూశావు. నాన్నని నిలబెట్టాలనే ఈ నవల మొదలుపెట్టాను. అందుకే సూర్యం చేత అబద్ధం ఆడించడానికి నాకు చెయ్యి రాదు. వాడు భయపడకూడదు, ఆకలేస్తోందని అనకూడదు. వాడు ఏం తింటాడో నాకు తట్టకపోవడానికి కారణం ఇదే. నాన్న మా ముందు ఎప్పుడూ ఆకలని... సరే, అది ఉత్తరంలో రాసేది కాదు, నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

పైడమ్మకి ఆ బరువు లేదు. ఆవిడ ఎవరి పరువూ కాపాడక్కర్లేదు. తిట్టొచ్చు, దొంగలెక్క రాయొచ్చు, మర్నాడు అదే ఇంటికి బియ్యం పంపొచ్చు. ఆవిడ ఏం చేస్తుందా అని నేను చూస్తూ కూర్చుంటాను. సూర్యాన్ని మాత్రం చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. రాసేవాళ్ళకి పక్క పాత్రల మీద మనసుపోవడం ఇందుకేననిపిస్తోంది. నలుగురి దగ్గర అడుగుదామంటే ఇక్కడ నవల రాసేవాళ్ళెవరూ లేరు, నువ్వే చెప్పాలి.

కాబట్టి ఇలా అనుకుంటున్నాను. సూర్యమే హీరో, మార్చను, నాన్నకిచ్చిన మాటది. కానీ ఐదో అధ్యాయంలో లాకౌట్ నలభయ్యో రోజున, చీకటి పడ్డాక, సూర్యం ఒక్కడే పైడమ్మ ఇంటికి వెళ్తాడు. బాకీ కోసం కాదు, అప్పు కోసం కూడా కాదు. అన్నం కోసం. ఇంట్లో ఉన్నది తమ్ముళ్ళకి సరిపోదు కనక తిని వచ్చానని అబద్ధం ఆడి బయటికొస్తాడు. పైడమ్మ ఏమీ అడగదు, నెత్తళ్ళు కాలుస్తుంది. వాడు తింటాడు. నీ ప్రశ్నకి జవాబు దొరికింది చూడు!

నాకు ఆ ఘట్టం రాయాలంటే భయంగా ఉంది. అమ్మ చదువుతుంది కదా. చదివితే ఏమంటుందో. నాన్న గురించి ఇలా రాస్తావా అంటుందా, లేక తనకి ముందే తెలుసా? నువ్వు ఏమంటావో తెలిస్తే గానీ నేను కలం పట్టలేను. మొహమాటం వద్దు. ఆరు పేజీలూ దీంతో జత చేస్తున్నాను. పైడమ్మ యాస నీ చెవికి ఆనుతుందో లేదో కూడా చూడు, మీ నాయనమ్మ మాట నాకంటే నీకు బాగా గుర్తు. 'అరుగెక్కాల' అంటుందా, ఇంకేదైనా అంటుందా? రెండో పేజీలో సామెత ఒకటుంది, అది మీ వైపుదే అనుకుంటా, దాని...

ఆటో వచ్చేసిందిరా. మా బావమరిది పూణే బండికి బయల్దేరుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. సీసాలో కొత్తావకాయ ఉంది, మూత బిగించే ఉంచు. వెంటనే జవాబు రాయి.

నీ
గిరీశం